పక్క నుంచి వచ్చిన బంతిపువ్వు

హైదరాబాదు పాతబస్తీ గౌలిపురలో నా చిన్నప్పుడు పొగతోనే తెల్లవారేది. దోమలు పోవాలని బర్రెల కొట్టంలో వేపాకు పొగ వేసేవారు. ఆ పొగలో బర్రెలు నీడల్లా కదులుతుంటే, వాటి మధ్య మా తాత తెల్ల ధోవతి ఒక్కటే కనబడేది. నేను గడప మీద ముడుచుకుని కూర్చుని, సగం నిద్రలో, బకెట్లో పాలధార పడే చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆ చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు మూతపడతాయి, ఏం చేయను!

పాలు పితికే ముందు తాత ప్రతి బర్రె పొదుగునూ తడిమి చూసేవాడు. వేడి తగులుతోందా, ఎక్కడైనా గట్టిపడిందా అని. చూస్తే అన్నీ నిక్షేపంగా ఉన్నవే. "మంచిగున్నదాన్ని రోజూ ఏం చూస్తవ్ తాతా?" అని అడిగితే, "నోరు లేని జీవం బిడ్డా. అది చెప్పదు, మనమే చూడాలె" అనేవాడు.

తాత చూపు అంటే మా గల్లీలో అందరికీ గొప్పే. ఎక్కడో మిద్దె మీద ఎగిరే పతంగి రంగు చెప్పేవాడు. మా అవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది కూడా ఆయనే. కళ్లద్దాల దుకాణంలో అట్ట మీది చిట్టచివరి వరుస గడగడా చదివి వచ్చానని నెలకోసారైనా చెప్పేవాడు. కాకపోతే ఆ ఏడు ఆయన భుజం తరచూ దర్వాజకు తగిలేది. ఎడమ పక్కన పెట్టిన చాయ్ గ్లాసు తన్నేసేవాడు. "ధ్యాస యాడ పెట్టినవ్?" అని అవ్వ లొల్లి చేస్తే మేమంతా నవ్వేవాళ్లం, ఆయన కూడా నవ్వేవాడు.

దీపావళి వెళ్లగానే మాకు సదర్ వస్తుంది. దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, పూలదండలతో, డప్పులతో ఊరేగించే పాలవాళ్ల పండుగ. ఆ ఏడు మా దున్నపోతు పగ్గం తాత పట్టుకుంటాడని, ఆయన పక్కన నేను నడుస్తానని మాట అయింది. నాకు రోజూ కలలో డప్పులే.

పండుగ ముందు మేం బంతిపూలు గుచ్చుతుంటే పక్కింటి అక్క పాలకు వచ్చింది. తండ్రి సర్కారు నౌకరీ వల్ల కోస్తా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆమె కంటి దవాఖానలో పని నేర్చుకునేది. తాత ఎడమ పక్కన నిలబడి చెంబు చాపింది. తాత పలకలేదు. పిలిస్తే ఉలిక్కిపడి తిరిగాడు. అక్క చెంబు కింద పెట్టి, ఒక బంతిపువ్వు చేతిలోకి తీసుకుంది.

"తాతగారూ, చిన్న ఆట ఆడదామా? ఒక కన్ను మూసుకుని నా ముక్కు వంకే చూడండి. చెవి పక్క నుంచి పువ్వు తెస్తాను, కనబడగానే చెప్పాలి."

ముందు నాతో ఆడింది. ఆమె ముక్కునే చూస్తుంటే, నా చెవి పక్క నుంచి ఏదో పసుపు మరక కదిలింది. "వచ్చింది!" అని అరిచాను.

తర్వాత తాత. పువ్వు ఆయన ఎడమ చెవి దాటింది. నాకు కనబడింది, అవ్వకు కనబడింది, వెనక ఉన్న బర్రెకు కూడా కనబడి మూతి చాచింది. తాత మాత్రం అక్క ముక్కునే చూస్తూ చిరునవ్వుతో, "ఏంది బిడ్డా, ఇంక తెస్తలేవ్?" అన్నాడు. దండ గుచ్చుతున్న అవ్వ చేయి ఆగిపోయింది. పువ్వు అక్క ముక్కు దగ్గరికి వచ్చాక గానీ "ఆ, వచ్చింది" అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

అక్క దవాఖానకు రమ్మంటే తాత వినలేదు. "నొప్పి లేదు, నీళ్లు కారుతలేవు. ఊకె ఫికర్ ఎందుకు?"

"పొదుగు నొప్పెడుతోందని బర్రె వచ్చి చెబితేనే చూస్తారా మీరు?" అంది అక్క.

తాత వెనక ఉన్న బర్రె వంక చూశాడు. నవ్వాడు. "నా తాడుతోని నన్నే కట్టేసినవ్ గదనే!"

దవాఖానలో అక్షరాలు చదివించి ఊరుకోలేదు. కంటి లోపలి ఒత్తిడి చూశారు, చుక్కలు వేసి కంటి వెనక భాగం దాకా చూశారు. నీటికాసులట, ఇంగ్లీషులో గ్లాకోమా. అంచుల నుంచి మెల్లగా చూపును తినేస్తూ, నడిమి చూపును చివరిదాకా వదిలేసే జబ్బు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని మందుతో కాపాడుకోవచ్చు అన్నారు డాక్టరు. రక్తసంబంధంలో వస్తుందని నాకూ చుక్కలు వేసి చూశారు, అప్పటికి ఏమీ లేదన్నారు.

తిరుగు దారిలో రిక్షాలో ఇద్దరం చుక్కల మసకతో కళ్లు చికిలించుకుని కూర్చున్నాం. చార్మినార్ పాల నురుగులో మునిగినట్టుంది. గాజుల దుకాణాలు కరిగి వెలుతురై పారుతున్నాయి. ఆ వెలుతురులో తాత నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడుస్తవ్ గద బిడ్డా," అన్నాడు. "గిన్ని దినాలు నిన్ను చూస్తనే ఉన్న అనుకున్న."

సదర్ నాడు తాత పగ్గం తన కొడుకు, మా బాపు చేతికి ఇచ్చేశాడు. అలవాటుగా నేను పక్కకు చేరితే, "నా ముందల నడువు, నువ్వు కనవడాలె" అన్నాడు. ఆ డప్పుల్లో, ఆ గులాల్ దుమ్ములో, ఎప్పుడు వెనక్కి తిరిగినా తాత కళ్లు నా మీదే ఉన్నాయి.

ఆయన కడదాకా మందు చుక్కలు మానలేదు. కడదాకా నా ముఖం చూశాడు. నేనూ ఏటా సదర్ రాకముందే దవాఖానకు వెళ్తూ వచ్చాను. "నొప్పి లేదు గద అమ్మా, ఎందుకు?" అనేవాడు మా కొడుకు. వాడికేం తెలుసు! కొన్నేళ్ల కింద నాలోనూ అదే జబ్బు మొదలైంది. మొలకలోనే దొరికింది, నేనూ చుక్కలు మానను కాబట్టి అంచులు ఇంకా నావే.

ఇప్పుడు మా మనవరాలు బంతిపువ్వు పట్టుకుని "అవ్వా, నా ముక్కు చూడు" అంటుంది. ఆట ఆటే, దవాఖాన దవాఖానే అని చెబుతాను, అయినా ఆడతాను. ఆట అయ్యాక ఇద్దరం గల్లీలోకి నడుస్తాం. అది గెంతుకుంటూ వచ్చి నా ఎడమ పక్కన చేరుతుంది. తల తిప్పకుండానే నాకు కనబడుతుంది.