చెవికా, కడుపుకా?

1962, శ్రావణమాసం, ఆదివారం. ధర్మవరం. ఉన్నవారు: అన్న, నేను, పక్కింటి నేతాయన, ఆయన భార్య.

అన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రాత్రి డ్యూటీలో కునికి ఒకసారి మెమో అందుకున్నాడు. మళ్లీ కునికితే ఉద్యోగం పోతుంది. పగలు నిద్రపోదామంటే గోడ అవతలే మగ్గం. పెళ్లి చీరల కాలం, అది ఆగదు.

"మగ్గం నిలపలేను గానీ చప్పుడు నిలుపుతా" అని నేతాయనే పూనుకున్నాడు. గోడకు గోనెపట్టాలు కట్టాడు. తర్వాత చెనక్కాయ పొట్టు నింపిన సంచులు పేర్చాడు. ప్రతిసారీ భార్యను నేయమని, నన్ను అన్న మంచం మీద పడుకోబెట్టి ఒకే మాట అడిగేవాడు.

"యాడ తగల్తాందబ్బా? చెవికా, కడుపుకా?"

"కడుపుకే."

"అయితే గోడది కాదు తప్పు. మగ్గం గుంటలో ఉండాది కదా, అదురు నేలలోంచి వస్తాంది."

పెనుకొండ కంబళి మడిచి మంచంకోళ్ల కింద పెట్టాడు. ఇప్పుడేమీ తగలడం లేదన్నాను. నమ్మలేదు.

"నీకు పగటినిద్ర అక్కర్లేదు కదప్పా. ఈ రాత్రి మేలుకొని, రేపు నేనే పండుకొని చూస్తా."

మర్నాడు పొద్దున అన్న డ్యూటీ దిగి వచ్చేసరికి, అవతల ఆమె నేస్తూనే ఉంది. ఇవతల మంచం మీద నేతాయన గురకపెడుతున్నాడు. నేను లేపబోయాను.

"లేపొద్దురా, నా ఉద్యోగం నిలిచినట్టే" అని అన్న నవ్వుతూ గడపమీద కూర్చున్నాడు.