ఖోర్ ఫక్కాన్ బస్సులో ఒకే ఆమెన్

మరియమ్మ దుబాయ్ చాలించుకుని వచ్చేవారం గోదావరి వెళ్లిపోతోంది. ఖోర్ ఫక్కాన్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది, కొండల అవతల సముద్రం ఒడ్డు ఊరది. వెళ్లేలోపు ఆమె కోరిక ఒక్కటే: అన్న ఏసుపాదం, మరిది ప్రసాదు పక్కపక్కన నిలబడి తనకోసం ప్రార్థన చేయాలి. ఇద్దరూ షార్జాలో మేం కూలీలం ఉండే సజ్జా క్యాంపులో చెరో ప్రార్థన బృందానికి పెద్దలు. బాప్తిస్మం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే అని ఏసుపాదం, యేసు నామం చాలని ప్రసాదు. ఈ గొడవతో ఒకరి కూర ఒకరు ముట్టరు. నేను హనుమంతుడి మనిషిని. బిర్యానీ ఉందంటే ఎవరి బస్సయినా ఎక్కుతాను.

ఆదివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. బస్సు మా క్యాంపు ముదీర్ ఇచ్చాడు, పెద్ద సారు కదా. మా ఖర్చల్లా టీలకే. కొండల్ని తొలిచిన సొరంగాల గుండా గంటకు పైగా దారి. కుడివైపు మూడు నామాలవాళ్లు, ఎడమవైపు ఒక్క నామంవాళ్లు, మధ్యలో బిర్యానీ డేక్సా, దాని పక్కన నేను.

ఫోన్లో చదివిన కథ ఒకటి వదిలాను. పూర్వం బిషప్పులు ఇలాగే కొట్టుకుంటుంటే రోమ్ చక్రవర్తి అందర్నీ నైసియా పట్నానికి పిలిపించాడు. బళ్లూ, తిండీ ఆయనవే. కుమారుడు తండ్రితో సమానమా కాదా తేల్చమని కూర్చోబెట్టి, తేలినదానికి ఒప్పుకోనివాళ్లని దేశం దాటించాడు. ఆయనకేమో అప్పటికి బాప్తిస్మమే లేదు!

"అంటే వీసా క్యాన్సలా?" అన్నాడు హైదరాబాదీ డ్రైవర్ రహీం భాయ్.

"ఆయనకెందుకన్నా ఈ గొడవ?" అన్నాడు ప్రసాదు.

"రాజ్యం ముక్కలవుతుందని భయంరా. మీకు వాక్యం ముఖ్యం, ఆయనకి బస్సు ముఖ్యం."

సముద్రం దగ్గర మరియమ్మ బస్సెక్కింది. వెంటనే మొదలైంది.

"ముందు నేను చేస్తాను, బావ కిందకి దిగుతాడు" అన్నాడు ఏసుపాదం.

"ఎండలో నేనెందుకు దిగాలెహె? నువ్వే దిగి చేపల్ని లెక్కపెట్టుకో బావా!"

"మేడమ్ తొందరగా వచ్చెయ్యమంది" అంది మరియమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మీ ఇద్దర్నీ మళ్లీ ఒకచోట ఎప్పుడు చూస్తాను?"

నేను ఆఫ్‌లో ఉన్న ఫోన్ చెవికి పెట్టుకున్నాను. "జీ ముదీర్ సాబ్! జీ! దోనో లడ్ రహే హై సాబ్!" ఇద్దరూ కొట్టుకుంటున్నారని చాడీ చెప్పేసి, అందరివైపు తిరిగి, "రెండు ప్రార్థనలైతే బస్సు వెనక్కట. ఇక క్యాంపులో హాలు కూడా ఇవ్వడట" అన్నాను.

ఏసుపాదం గొంతు తగ్గించి అడిగాడు: "మరి ఎవరి నామంలో చెయ్యమన్నారు?"

"ప్రభువు నామంలో అనండి, ఖలాస్ అన్నాడు."

ఎవరి ప్రభువు వాళ్లకు దొరికాడు. ఇద్దరి చేతులూ మరియమ్మ తలమీద, అందరి నోటా ఒకే ఆమెన్. ఆమె ఏడుస్తూ నవ్వింది. డేక్సా మూత నేనే తీశాను.

తిరుగుదారిలో మళ్లీ రగడ: ముదీర్ ఎవరి వైపు? మర్నాడు ఇద్దరూ విడివిడిగా ఆయనకు కోడికూర పట్టుకెళ్లారట. ఏ సంగతీ తెలియని ఆ మహానుభావుడు రెండూ తిని, ఇద్దరితోనూ "బహుత్ అచ్ఛా" అన్నాడట.

నైసియాలోనూ సంతకాలయ్యాక గొడవ ఆగలేదు. వెళ్లగొట్టినవాళ్లలో కొందర్ని చక్రవర్తే వెనక్కి పిలిపించుకున్నాడు. పై నుంచి వచ్చిన హుకుంతో పుట్టే ఐక్యత ఒక ఆమెన్ అంత పొడవే ఉంటుందేమో. మరియమ్మకు కావాల్సిందీ అంతే. రెండు బృందాలతో ఆ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా: ప్రార్థన ముగిసేదాకా బిర్యానీ వడ్డించకండి. కడుపు నిండినవాడు ఏ చక్రవర్తి మాటా వినడు.