పియోనీల పెరట్లో తెల్ల స్వెటర్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదనుకునేవాణ్ణి. నన్ను భయపెట్టే తీరిక అంతవరకూ ఎవరికీ దొరకలేదంతే. షామ్‌బర్గ్‌లో అక్కావాళ్లు ఓ పాత ఇల్లు కొనుక్కుని, ఆ వసంతంలోనే నెలన్నర ఇండియా వెళుతూ తాళాలు నా చేతిలో పెట్టారు. ఒక పొగమంచు ఉదయం కాఫీ కప్పుతో పెరట్లోకి వెళితే, కంచె పక్కన మట్టిలోంచి మనిషి వేళ్లలాంటివి, ఎర్రగా, కొనలు ముడుచుకుని, గుత్తులు గుత్తులుగా పొడుచుకొస్తున్నాయి. లోపలున్నవాళ్లెవరో పైకి రావడానికి పట్టు వెతుక్కుంటున్నట్టుంది. వెంటనే అక్కకి కాల్ చేశాను.

"అవి పియోనీ పూలమొక్కలు రా, ఏటా చలి తగ్గగానే ఇలాగే మొలుస్తాయి! ఇల్లమ్మిన పెద్దావిడ వాళ్ల అమ్మమ్మ నాటిన దుంపలు. తొక్కేవు, జాగ్రత్త!"

"మరి ఆ పెద్దావిడ?"

"ఆవిడ పోయింది కదరా, మొన్న చలికాలంలోనే..." అంటుండగా సిగ్నల్ కూడా పోయింది.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. బిగించిన పిడికిళ్లలాంటి మొగ్గల మీద చీమలు చప్పుడు లేకుండా తిరిగేవి. ఒక మధ్యాహ్నం ఇంట్లోంచే పని చేసుకుంటుంటే పెరట్లో ఆడగొంతు, ఇంగ్లిష్‌లో, చాలా నెమ్మదిగా: "ఈసారి ఆలస్యం చేశావేం, అమ్మమ్మా?" కిటికీలోంచి చూస్తే సన్నటి తుంపరలో తెల్ల స్వెటర్, తెల్ల జుట్టు, మొక్కల మధ్య వంగి ఉన్నాయి. నేను మెట్లు దిగి వెళ్లేసరికి ఎవరూ లేరు. కొమ్మలకి మాత్రం తెల్లగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. ఆ సాయంత్రం విభూతి నుదుటికీ, తలుపుకీ, లాప్‌టాప్‌కీ పెట్టాను (అది ఆఫీసువాళ్లది, అయినా పెట్టాను).

శనివారం మళ్లీ అదే గొంతు. ఈసారి గరాజ్‌లోంచి మంచు తోసే పార పట్టుకుని ఒక్క ఉదుటున బయటికొచ్చాను. ఆవిడ తల తిప్పింది.

"తవ్వకు బాబూ! ఇప్పుడు కదిలిస్తే బతకవు."

"మీరు చనిపోలేదా?" అని అడిగేశాను (కంపెనీలో నా కమ్యూనికేషన్‌కి మంచి పేరుండేది).

ఆవిడ చేతిలోని పీలిక ముడి బిగించింది. "ఇంకా లేదు. వృద్ధాశ్రమానికి మారానంతే. పూలకాలంలో పక్క గేటులోంచి రావచ్చని మీ బావ మాటిచ్చాడు. వాన పడితే వీటి తలలు బరువెక్కి వాలిపోతాయి, అందుకే కడుతున్నాను."

సిగ్గుతో చచ్చిపోయి, టీ పెట్టి తెచ్చాను. వెనక మెట్ల మీద కూర్చుని, ఏ మొక్క తన అమ్మమ్మ చేత్తో నాటిందో, ఏది తన పెళ్లినాడు పూసిందో చెప్పింది. తర్వాత నా భుజం మీదుగా ఇంటివైపు చూసి, మామూలుగా అడిగింది: "కిటికీలో ఉన్నావిడకి టీ ఇవ్వవా?"

ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆవిడ నవ్వనూ లేదు, చెప్పిన మాట వెనక్కి తీసుకోనూ లేదు. హాస్యమాడిందో, చూపు మందగించిందో, మరేదైనా చూసిందో, అడిగే ధైర్యం లేకపోయింది. అడగకుండా లేచి, లోపలికెళ్లి, ఇంకో కప్పు టీ పోసి కిటికీ గట్టు మీద మర్యాదగా పెట్టిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వూ, కొంచెం ముచ్చటా కలుగుతాయి. పంచదార కూడా కిటికీవైపు తిరిగి అడిగి వేశాడు పాపం.