ధనకోటి చక్రాలకు విబూది

తిరుత్తణిలో మా వీధి చివర ధనకోటి షెడ్డు ఉంది. పాత కార్ల అల్లాయ్ చక్రాలకు మళ్లీ మెరుపు తేవడం అతని పని. నేతగాళ్ల ఇంట పుట్టి మగ్గం ముందు కూర్చోవలసినవాడు చక్రాలు పట్టుకున్నాడని అత్తగారింట్లో అతనంటే చిన్నచూపు. భార్య సుగంధికి అన్న గోపాలన్ అయితే మరీను. చీరల వ్యాపారం చేసే ఆ పెద్దమనిషి, పెళ్లిళ్లలో నలుగురూ చేరగానే "మా చెల్లెలి మొగుడు అంట్లు తోముతాడు. గిన్నెలకు బదులు చక్రాలు, అంతే" అంటాడు. అందరూ నవ్వుతారు. ధనకోటీ నవ్వుతాడు పాపం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ బావ నోట తన పని బాగుందన్న మాట వినాలని అతని కోరిక. ఆ నోటి సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి నేను ఆశ వదులుకోమనే చెప్పాను.

ఈమధ్య గోపాలన్ పాత కాంటెస్సా కారొకటి కొన్నాడు. శుక్రవారం సాయంత్రం కొండ మీద గుడిలో దానికి పూజ చేయించాలట. చక్రాలేమో మసిబారి, అంచులన్నీ గీసుకుపోయి ఉన్నాయి. తిరువళ్ళూరులో ఎవరూ అంత తొందరగా చేయలేమన్నారు. వేరే దారిలేక ఊడదీసిన ఆ నాలుగింటినీ ధనకోటి ముందు పడేసి, "బాగా తోమప్పా" అన్నాడు.

ధనకోటికి పూనకమే వచ్చింది. పాత పూత ఊడగొట్టాడు. గాట్లు పూడ్చాడు. నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో రుద్ది, మిషను మీద మెరుగు పెట్టాడు. సుగంధి కాఫీ తెస్తే, "ఇటు ఊపిరి కూడా వదలొద్దు, దుమ్ము పడతాది" అని తరిమేశాడు. శుక్రవారం పొద్దున రంగులేని లక్కర్ ఆఖరి పూతగా కొట్టి, నాలుగింటినీ బల్ల మీద ఆరబెట్టి స్నానానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే గోపాలన్ తల్లి సరసమ్మ షెడ్డుకు వచ్చింది. శుక్రవారం పూట, కొడుకు కారు చక్రాలు, బోసిగా ఉన్నాయి. ఆవిడ మనసు ఒప్పుకుంటుందా?

ధనకోటి తువ్వాలుతో వచ్చి చూసేసరికి ఒక్కో చక్రం మీద మూడు విబూది రేఖలు, నడుమ ఇంత కుంకుమ బొట్టు.

"అత్తా! యేం చేసినావు?"

"బొట్టు పెట్టినా నాయనా. తడిగా ఉండాది గదా, బాగా అంటుకునింది" అంది సరసమ్మ సంతోషంగా.

తుడిస్తే లక్కర్ కూడా లేచి వస్తుంది. ధనకోటి నేలమీద చతికిలబడ్డాడు. చక్రాలు చూద్దామని అప్పుడే వచ్చిన నాకు నవ్వాగలేదు. అత్తగారిని ఏమీ అనలేక ఆ కోపమంతా నా మీద వెళ్లగక్కాడు.

సాయంత్రానికి ఎండకు లక్కర్ గట్టిపడింది, దాంతోపాటు విబూదీ గట్టిపడింది. గోపాలన్ వచ్చి వేలితో రుద్దాడు, గోటితో గీశాడు. కదల్లేదు.

"బావా, రెండు దినాలు టైమియ్యి. గీకేసి మళ్లా కొడతా" అని ధనకోటి బతిమాలాడు.

"మా అమ్మ పెట్టిన విబూదిని గీకుతావా? రుద్దినా పోని బొట్టు యాడన్నా చూసినావా నువ్వు? అమ్మా, చెయ్యంటే నీదేనమ్మా!"

ధనకోటి ముఖం వాడిపోయింది. ఇన్నాళ్లు ఎదురుచూసిన మెచ్చుకోలు కాస్తా అత్తగారి ఖాతాలో పడింది. నాకు ఒళ్లు మండింది.

గోపాలన్ ఆ కుంకుమను కళ్లకద్దుకుందామని చక్రం మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. ముఖం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మీసం సవరించాడు.

"ఏమప్పా ధనకోటి, నా మీసంలో తెల్లెంట్రుకలు ఉండాయా?"

"ఉండాయి బావా."

"ఇంట్లో నిలువుటద్దం ఉండాది. దాంట్లో ఒకనాడూ కనపళ్ళేదే!" అన్నాడు గోపాలన్, గొంతు తగ్గించి. తర్వాత కత్తెర తెమ్మన్నాడు.

ధనకోటి పరుగున వెళ్లి తెచ్చాడు. గోపాలన్ విబూది రేఖల పక్కన జాగా చూసుకుని, చక్రంలోకి తొంగి చూస్తూ తెల్ల వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా కత్తిరించుకున్నాడు. అంతసేపూ ధనకోటి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు, పట్టరాని సంతోషంతో.