సముద్రానికి వంక పెట్టిన కొమురెల్లి కాక

మా కొమురెల్లి కాకకు నచ్చిన వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. గోదావరిఖనిలో ఎండ ఎక్కువంటాడు, గనిలోకి దిగితే చీకటి ఎక్కువంటాడు. పెళ్లి భోజనంలో పప్పు బాగుందని ఎవరైనా అంటే, "పప్పు మంచిగనే ఉన్నది, పిలగాడే జర తేడా" అని పెళ్లికొడుకు తండ్రికి వినపడేలా చెప్పేవాడు.

అలాంటి మనిషిని డెబ్బై నాలుగులో సముద్రం చూడటానికి వెంట తీసుకెళ్లాం. తప్పు మాది కాదు, పోశంది. కాకా, పోశమూ ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో బొగ్గు తవ్విన జోడీ. ఆ చలికాలం పోశం దవాఖానలో చాలా రోజులు పడుకుని లేచాడు. లేస్తూనే, "మన గోదారి ఏడికి పోతదో ఒక్కపారి సూడాలె" అన్నాడు. ఆఫీసు గుమాస్తా దేవసహాయం ప్రయాణం ఖాయం చేశాడు. సంచులు మోయడానికి నేను.

రామగుండంలో రైలెక్కిన దగ్గర్నుంచీ కాక డ్యూటీ మొదలైంది. రైలు ఆగితే "ఎందుకాగింది" అని, కదిలితే "గింత తొందరేంది" అని. నర్సాపురం రేవులో పడవ ఎక్కగానే అడుగున చేరిన నీళ్లు చూసి, "పాత పడవనా?" అని పడవ నడిపే సరంగును అడిగాడు.

"కొత్తదేనండి" అన్నాడతను మర్యాదగా.

"మరి నీళ్లు బయట ఉండాలెనని దానికెవ్వరు చెప్పలేదా?"

అవతలి ఒడ్డు దాకా నీళ్లు తోడమని సరంగు ఒక డబ్బా తెచ్చి కాక చేతిలో పెట్టాడు.

అంతర్వేదిలో బస్సు దిగాక, నది సముద్రంలో కలిసే చోటికి ఇసుకలో నడిచిపోవాలి. దుకాణం లేదు, మనిషి లేడు. సరుగుడు చెట్లు, పీతలు, ఎండ. నాలుగడుగులు వేశామో లేదో కాక కూలబడ్డాడు.

"గిదేం ఇసుక? కాళ్లు దిగబడుతున్నయ్."

బొగ్గు తీసిన ఖాళీల్ని మా గనుల్లో గోదావరి ఇసుకతోనే నింపుతారు కాబట్టి, ఇసుక విషయంలో తాను మహాపండితుడినని కాక నమ్మకం. గుప్పెడు తీసి వాసన కూడా చూశాడు. చేసేది లేక మేమూ కూర్చున్నాం.

కొంత దూరం పోయాక పీత కనిపించింది. "అడ్డం నడుసుడేంది? దీనికి నేర్పినోడెవడు?" అని మళ్లీ కూర్చున్నాడు. పీతల వంశం మొత్తాన్ని తిట్టేసరికి చాలాసేపు పట్టింది.

"కాకా, పొద్దు గూకితే పడవ దొరకది. జల్ది నడువు" అన్నాడు దేవసహాయం.

"నీకేం ఫికర్? సముద్రం ఏడికన్న పోతదా?"

నీడ పలచగా ఉందని ఒకసారి, గాలి ఉప్పగా ఉందని ఒకసారి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈయన్ని ఇక్కడే వదిలేసి పోదామని చెప్పబోయి పోశం వైపు తిరిగాను.

పోశం మోకాళ్ల మీద చేతులు ఆన్చి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నేను చూడటం గమనించి నడుం నిటారు చేశాడు. ఒంట్లో ఎట్లుందని అడిగినవాళ్లందరినీ కసిరే మనిషి. ఆగుదామని చచ్చినా అనడు. కాక నోరు గాలిని తిడుతోంది గానీ, చూపు మాత్రం పోశం ఛాతీ మీదే ఉంది. అది ఎగిరిపడటం తగ్గాక, "ఈ గాలి బాగుపడేటట్టు లేదు, పోదాం పాండ్రి" అని లేచాడు.

చివరికి చేరాం. ఇటు మట్టిరంగు గోదావరి, అటు నీలం సముద్రం, మధ్యలో నురుగు గీత. పోశం మోకాలి లోతు నీళ్లలో చాలాసేపు నిలబడ్డాడు.

"మన నీళ్లేరా కొమురెల్లీ" అన్నాడు.

కాక దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "మన దగ్గర మంచిగనే ఉండె. ఈడికొచ్చి కరాబైనయ్."

పోశం నవ్వాడు. నవ్వి దగ్గాడు, దగ్గి మళ్లీ నవ్వాడు.

తిరుగుదారిలో పోశం అడుగులు తడబడ్డాయి. కాక తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూశాడు. పాపం, వచ్చేటప్పుడే సరుకంతా అయిపోయింది. నేను టక్కున ఇసుకలో కూర్చున్నాను.

"ఏమైందిరా?" అన్నాడు కాక.

"చెప్పు తెగింది కాకా."

కాక వంగి చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. ప్రయాణం కోసం కొన్న కొత్త చెప్పు. ఎక్కడా చిన్న చిరుగు కూడా లేదు. తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"గట్టిగనే తెగింది" అన్నాడు. "అందరు కూసోండ్రి. గిది ఇప్పట్ల అయ్యే పని కాదు."