తాత కొన్న ఇరవై అయిదు రెట్ల దుర్బిణి

మా తాత ఐనారి దేన్నైనా క్షమిస్తాడు గానీ, అమ్మమ్మ తమ్ముడు కలెర్వో దగ్గర తనకంటే మంచి వస్తువు ఉండడాన్ని మాత్రం క్షమించడు. కలెర్వో పడవకి కొత్త ఇంజను పెట్టినరోజు తాతకి ఒళ్ళు వెచ్చబడింది. ఆవిరిగదిలో కొత్త పొయ్యి పెట్టించుకుంటే, నెల్లాళ్ళు వాళ్ళింట్లో స్నానానికి వెళ్ళలేదు.

ఈ ఏడు వ్యవహారం ఇంకా ముదిరింది. బురదనేల అంచున, వేటకి తాత కాచుకుని కూర్చునే మాటు ఉంది. అడవి దాటిన మూస్ దుప్పులు మొదట మొహం చూపించేది అక్కడే. నలభై ఏళ్ళుగా అది ఆయనదే. కానీ మూడేళ్ళకోసారి గురి పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాడికి మాటు ఉండదు. అరుచుకుంటూ దుప్పుల్ని తోలే పని పడుతుంది. తాత మేలో తప్పాడు, జులైలో తప్పాడు. ఇక మిగిలింది సెప్టెంబరు పరీక్ష ఒక్కటే. అదీ తప్పితే ఆ మాటు కలెర్వోకని వేట జట్టు పెద్ద తేల్చేశాడు.

"నా కళ్ళకేం కాలేదు, దుర్బిణి ముసలిదైంది," అన్నాడు తాత. తుపాకీ మీది దుర్బిణిలో గురి గీతలు సాలెగూడులా అలుక్కుపోతున్నాయట. కొత్తది కొందామని నన్ను వెంటబెట్టుకుని కయానీ పట్నంలో దుకాణానికి వెళ్ళాడు.

దుకాణదారుడు మంచివాడు. "మీ వయసుకి తక్కువ రెట్లదే హాయండీ. చూపు వెడల్పుగా పారుతుంది, వెలుగు బాగా వస్తుంది," అన్నాడు.

"కలెర్వో ఏది కొన్నాడు?"

"పది రెట్ల దాకా వెళ్ళేది."

"అయితే నాకు ఇరవై అయిదు."

"అది బాగా దూరం కొట్టేవాళ్ళకి..."

"కలెర్వో కంటే దూరం కొడితే చాలు నాకు."

"సరే, మీ ఇష్టం. వెనకున్న రింగు మాత్రం మీ కంటికి తగ్గట్టు తిప్పుకోండి."

"మళ్ళీ నా కంటి ఊసే!" అని తాత దాన్ని ముట్టుకోలేదు.

పరీక్ష రోజు డెబ్భై అయిదు మీటర్ల దూరంలో కాగితం దుప్పి. తొంభై సెకన్లలో నాలుగు గుళ్ళూ దాని గుండె దగ్గరి వలయంలో పడాలి. తాత దుర్బిణిని ఇరవై అయిదు రెట్లకి తిప్పి కూర్చున్నాడు. ముందు తోక కనిపించింది. తర్వాత చెవి. వలయం దొరికేసరికి సగం సమయం అయిపోయింది. రెండు గుళ్ళే లోపల పడ్డాయి.

మేలోనే నెగ్గిన కలెర్వో బెంచీ మీద కూర్చుని సాసేజి నములుతూ, "బావా, దుప్పికి చెవులు కుట్టావా?" అన్నాడు.

తాత మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. "ఊపిరి పీలిస్తే చాలు, వెధవ దుప్పి గెంతుతోందే," అని నా దగ్గర గొణిగాడు. పరీక్ష పెట్టే రాయిలి గడియారం చూసి, "ఇవాళ ఇంకొక్కసారికే టైముంది, ఐనారీ," అంది.

నేను గబగబా కలెర్వో తాత దగ్గరికి పోయి, "నువ్వు ఎన్ని రెట్లు పెట్టి కొట్టావు?" అనడిగాను.

"అయిదు. రెట్లు పెంచితే వణుకు కూడా అన్ని రెట్లూ కనిపిస్తుంది, సిర్కూ. రింగు తిప్పితే గీతలు నల్లగా తేలతాయి. మీ తాతకి చెప్పు. నేను చెప్పానని మాత్రం చెప్పకు, చచ్చినా చెయ్యడు."

నాకు తాత సంగతి ఇంకా బాగా తెలుసు. వెళ్ళి, "కలెర్వో తాత రింగు తిప్పుకుని, అయిదు రెట్లతోనే కొట్టాడట. నీ కళ్ళకి అయిదు ఆనదులే అన్నాడు," అన్నాను. చివరి ముక్క నా సొంతం.

"వాడికి ఆనింది, నాకు ఆనదా?"

దుర్బిణిని ఆకాశంకేసి ఎత్తి, రింగు తిప్పి తిప్పి, "ఓహో," అన్నాడు. అయిదుకి దించాడు. నాలుగు గుళ్ళు పేలాయి. నాలుగూ వలయంలోనే. రాయిలి కార్డు మీద ముద్ర కొట్టింది.

కలెర్వో పరుగున వచ్చి తాత భుజం చరిచాడు. "మాటు నీదే బావా! కడుపు నిండిపోయింది నాకు."

తాత ముక్తసరిగా తలూపి కారెక్కాడు. సగం దారిలో నాకేసి తిరిగాడు.

"వాడెందుకే అంత సంబరపడ్డాడు?"

"నువ్వు నెగ్గావని."

"ఛీ, నోర్ముయ్. ఇంతకంటే మంచి మాటు ఎక్కడో పట్టుంటాడు. రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి కాస్త కనుక్కో."