మిరపకాయల దేశంలో మా పరువు

ఆసిఫాబాద్ బడిలో ఏళ్లకేళ్లు భూటాన్ పాఠం చెప్పాను. కొండలు, లోయలు, పైన్ అడవులు, మంచు కరిగి పారే నదులు అంటూ ఏదీ చూడకుండానే ఊదరగొట్టాను. రిటైరయ్యాక మా ఆవిడ, "పటంల చూపిచ్చింది చాలు, అసలుది చూపియ్యుండ్రి" అంది. ఆమె కోరిక ఒక్కటే. పారో లోయ మీద నిటారు కొండకు అతుక్కుని ఉన్న మఠం దాకా నడిచి ఎక్కాలి, అదీ మోకాళ్లు మాట వింటున్నప్పుడే.

పారోలో ఒక రైతు ఇంట్లో దిగాం. ఇంటికప్పు మీద ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. అవి చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. కొండదేశంలో అంతా చప్పిడి తిండే అని నేనే తేల్చేసుకుని, మా సొంతూరు కరీంనగర్ నుంచి సీసాడు మామిడికాయ తొక్కు మోసుకొచ్చాను. భోజనాల దగ్గర అది ఆ ఇంటామెకు కొంచెం వడ్డించి, జర చూసి తినమని నాకొచ్చిన దక్కనీ హిందీలో హెచ్చరించాను. ఆమె రుచి చూసి, పుల్లగా బాగుందంది. కారం మాటే ఎత్తలేదు.

నాకు రోషమొచ్చింది. తర్వాత ఆమె ఎర్రబియ్యం అన్నంలో కూర వడ్డించింది. చీజ్‌లో ఉడికిన పచ్చిమిరపకాయలు. అందులో కూరగాయ కోసం వెతికాను, మిరపకాయే కూరగాయ. మొదటి ముద్దకే చెవులు గుయ్యిమన్నాయి. "చాలు తియ్యుండ్రి, రేపు గుట్టెక్కాలె" అని మా ఆవిడ మెల్లగా అంది. నేను వినే రకం కాదు. రెండు జిల్లాల పరువు నా పళ్లెంలోనే ఉన్నట్టు మారు వడ్డించుకుని తిన్నాను. కళ్లనీళ్లు చలికి కారుతున్నాయని చెప్పాను.

తెల్లారేసరికి నా సంగతి చెప్పుకునేలా లేదు. భూటాన్ భౌగోళికమంతా మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య ముగిసింది. మర్నాడే మా తిరుగు ప్రయాణం. మా ఆవిడ బూట్లు తొడుక్కుని మంచం అంచున కూర్చుంది. "మీరు గిట్లుంటె నేనెట్ల పోవాలె?" అంది. ఉండిపొమ్మని అడగాలని నోటిదాకా వచ్చింది. సిగ్గేసి, పొమ్మన్నాను. ఇంటామె ఆమె చేతికి ఒక కర్ర ఇచ్చి తోడు వెళ్లింది.

రోజంతా కిటికీలోంచి కొండవైపే చూశాను. మబ్బు దిగినప్పుడల్లా భయమేసింది. నేను లేకుండా ఆమె వేములవాడ కూడా పోయి ఎరగదు. సాయంత్రం వచ్చింది, మొహం కందిపోయి, బూట్ల నిండా మట్టితో. పైదాకా ఎక్కిందట, మఠం పక్కన దూకే జలపాతం తుంపర మీద పడిందట. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నేను కూడా వచ్చుంటే ఎంత బాగుండేది" అన్నాను.

ఆమె బూట్లు విప్పుకుంటూ నిదానంగా అంది. "మీరొస్తె సగంల నుంచే మల్లొచ్చేటోల్లం."